మూడో నంబరు కోటు

మా బావకు సగటు అంటే ప్రాణం. ఊరి నీటి సరఫరా ఆఫీసులో ప్రణాళికా విభాగానికి ఆయనే పెద్ద. ఏ అంకె కంటబడ్డా దాన్ని పక్క అంకెతో కలిపి భాగించకపోతే ఆయనకు తిన్నది అరగదు. ఒకసారి ఇంట్లోవాళ్ళ చెప్పుల సైజులకు సగటు తీసి అందరికీ ఒకే సైజు చెప్పులు కొనుక్కొచ్చాడు. అవి అక్క కాళ్ళకు పడవలయ్యాయి, ఆయన కాళ్ళకు ఎక్కనేలేదు. అయినా లెక్క తప్పని ఒప్పుకోలేదు. తప్పు మా కాళ్ళదేనని తేల్చాడు.

నేను కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకు గణాంకశాస్త్రం చెబుతాను. మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే: అంకెలన్నీ ఒక జాతివి కావు. కొన్ని ఉత్త పేర్లు, ఆటగాడి చొక్కా మీది నంబరులాంటివి. కొన్ని వరస మాత్రమే చెబుతాయి. పరుగుపందెంలో మొదటివాడు ముందున్నాడని తెలుస్తుంది గానీ ఎంత ముందున్నాడో తెలియదు. ఉష్ణోగ్రతలో తేడాలు కొలవచ్చు, అలాగని సున్నా డిగ్రీలంటే వేడి బొత్తిగా లేదని కాదు. బకెట్టులో నీళ్ళకు మాత్రం సున్నా అంటే సున్నాయే, అసలేమీ లేదని. ఏ అంకె ఏ జాతిదో చూడకుండా సగటు తీయకండిరా అని నెత్తీనోరూ కొట్టుకుంటాను. పిల్లలకు త్వరగానే తలకెక్కుతుంది. పెద్దవాళ్ళకే ఎక్కదు, అందులోనూ గదికి ఏసీ, బల్లమీద గాజుపలక ఉన్నవాళ్ళకు అస్సలు ఎక్కదు.

అక్కా బావా ఉండేది పైవీధిలో. మేడమీద కాపురం, కింద అక్క నడిపే లాండ్రీ. కింది వీధులన్నీ తాగి, కడుక్కొని, మొక్కలకు పోసుకున్నాక మిగిలిన నీళ్ళు పైవీధికి ఎక్కాలి. మిగిలితే కదా. ఎండలు మొదలైనప్పటినుంచి అక్కా, ఆమె దగ్గర పనిచేసే ఇస్త్రీ ఆవిడా కింది వీధి కొళాయి నుంచి తోపుడుబండి మీద డ్రమ్ములు తోసుకొస్తున్నారు. లాండ్రీకున్న పెద్ద బేరం నర్సింగ్‌హోం దుప్పట్లు. అవి ఆలస్యమవుతున్నాయని వాళ్ళు అప్పటికే ముఖం మాడ్చుకుంటున్నారు. పైవీధికి నీళ్ళెక్కించే మోటారు పంపు పెడితే లాండ్రీ నిలబడుతుంది, లేకపోతే షట్టరు దించేయడమే. పంపా, మరొకటా అని తేల్చే సర్వే మా బావ చేతిలో పడింది.

మొగుడి చేతిలోనే ఉంది కదా, ఇంకేం అనుకుంటారు ఎవరైనా. "నీళ్ళు రావట్లేదండీ" అని అక్క చెబితే, "ఇంట్లో మాటలు ఆఫీసులో చెల్లవు. అందరిలాగే ఫారంలో టిక్కు పెట్టు" అన్నాడట. అక్క పెట్టింది. ఫారంలో అయిదు గళ్ళు. నీళ్ళు రావడం లేదంటే ఒకటి, ధార సన్నంగా ఉంటే రెండు, మురికినీళ్ళయితే మూడు, వాసనొస్తే నాలుగు, బిల్లు తప్పయితే అయిదు.

ఫారాలన్నీ వచ్చిన సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. బావ రాజ్యం జయించి వచ్చినవాడిలా మెట్లెక్కి, భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు.

"తేలిపోయింది. ఊళ్ళో అసలు సమస్య మురికినీళ్ళు. సగటు సరిగ్గా మూడొచ్చింది, ఆవగింజంత తేడా లేదు. రేపు పొద్దున ఛైర్మన్‌గారి ముందు పెడుతున్నా. ఇంటింటికీ ఫిల్టర్లు."

"మూడు ఎంతమంది పెట్టారు బావా?" అన్నాను.

"ఎంతమంది పెడితే ఏంటి? సగటు మూడు."

"సగం మంది ఒకటి, సగం మంది అయిదు పెట్టినా సగటు మూడే వస్తుంది."

"చూశావా, నీకూ అర్థమైంది" అన్నాడు సంబరంగా. "అటూ కాదు, ఇటూ కాదు. అందరికీ న్యాయం."

నాకు ఒళ్ళు మండింది. అర్థమయ్యేలా చెప్పాలని కింద ఉన్న లాండ్రీనే ఉదాహరణగా తీసుకున్నాను. అక్క దగ్గర ఒక్కో ఇంటికి ఒక్కో నంబరు. బట్టలు కలిసిపోకుండా మెడపట్టీ లోపలో, నడుంపట్టీ లోపలో చెరగని సిరాతో రాస్తారు. ఒకటి బావది. మూడు పెళ్ళిళ్ళలో వాయించే బ్యాండుమాస్టారిది. అయిదు సాక్షాత్తూ ఛైర్మన్‌గారిది.

"మీదీ ఛైర్మన్‌గారిదీ కలిపి సగం చేస్తే మూడొస్తుంది. బ్యాండుమాస్టారి బట్టలు పంపిస్తే ఇద్దరూ తొడుక్కుని మీటింగుకు వెళ్తారా? అవి పేర్లు బావా. ఏది ఎంతమంది పెట్టారో లెక్కపెట్టుకోవచ్చు, అంతే. కూడి భాగిస్తే అది కాకిలెక్క."

"పాఠాలు కాలేజీలో చెప్పుకో మరదలా. బట్టలు వేరు, డేటా వేరు." చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ ఇంకో మాట కూడా అన్నాడు. "అయినా పైవీధికి నీళ్ళు రాకపోవడమేంటి? మన బాత్రూంలో బకెట్టు రోజూ నిండే ఉంటుంది. కళ్ళారా చూస్తున్నాగా."

ఊరంతటికీ కలిపి ఒక్క బకెట్టు చూసి తీర్పు చెప్పేశాడు మహానుభావుడు. ఆ బకెట్టు ఎలా నిండుతోందో నాకు తెలుసు. డ్రమ్ములు దించాక, ఆయన నిద్ర లేవకముందే, అక్క దాన్ని మెట్లమీదుగా మోసుకెళ్ళి బాత్రూంలో పెడుతుంది. నేను వంటింట్లోకి వెళ్ళి అక్కను నిలదీశాను.

"నువ్వే మోస్తున్నానని చెప్పవేంటక్కా?"

"అడిగితే చెబుతా" అంది గిన్నెలు సర్దుతూ. "ఎవరు నింపుతున్నారని ఎప్పటికైనా అడుగుతారేమోనని చూస్తున్నా. పోనీ, ఫారంలోనైనా నా మాట ఉంటుందనుకున్నా. దాన్నీ అయిదులతో కలిపేశారు."

కుడి భుజం మీద ఎడమచెయ్యి వేసి నొక్కుకుంది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కోపమే గెలిచింది, నాకు బాగా అలవాటైనది అదే.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. పొద్దున కిందికి దిగేసరికి అక్క, ఇస్త్రీ ఆవిడ బల్లకు అటొకరు ఇటొకరు నిలబడి దుప్పట్లు మడతపెడుతున్నారు. ఇద్దరూ నా ముఖంలోకి చూడటంలేదు. కాసేపటికి మెట్లమీద బావ కనిపించాడు, నడుముకు తువ్వాలు, చేతిలో ఖాళీ బకెట్టు.

"ఏమోయ్, బకెట్టులో చుక్క నీళ్ళు లేవేంటి?"

"అది అసలైన సున్నా బావా. మా పిల్లలకు చెప్పేది ఇదే" అన్నాను.

నా మాట చెవిన వేసుకోలేదు. "సరే, స్నానం తర్వాత చూద్దాం. మీటింగుకు టైమైపోతోంది, నా చొక్కా ఏది?"

అక్క కాగితంలో చుట్టిన పొట్లం తీసి బల్లమీద పెట్టింది. బావ విప్పాడు. ఎర్రటి కోటు. భుజాలకు బంగారు రంగు కుచ్చులు, ముందంతా ఇత్తడి గుండీలు, అన్నిటినీ తళతళా మెరిసేలా తుడిచి పెట్టింది.

"ఇదేంటి?"

"మూడో నంబరండీ. బ్యాండుమాస్టారు రెండు జతలు వేశారు, ఒకటి ఇప్పుడే అక్కర్లేదట. ప్యాంటు ఛైర్మన్‌గారింటికి పంపించా. ఆయన బట్టలూ మన దగ్గరే ఉన్నాయిగా."

"ఛైర్మన్‌గారికి బ్యాండువాళ్ళ ప్యాంటా? నీకేమైనా మతిపోయిందా?"

"మీ ఇద్దరికీ సగటు తీశాను."

"నాది ఒకటి" అన్నాడు బావ కోటును బల్లమీద విసిరికొట్టి. "ఇన్నేళ్ళుగా ఒకటే రాస్తున్నావు. మూడు నాదెలా అవుతుంది?"

అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆయన వైపు తిరిగింది.

"నాదీ ఒకటేనండీ. మీ ఫారంలో ఒకటే పెట్టాను. మీరే దాన్ని మూడు చేశారు."

ఇస్త్రీ ఆవిడ దుప్పటి అంచుతో నోరు మూసుకుంది. బావ నీళ్ళు నమిలాడు. ఆ పొద్దున పైవీధి మొత్తానికి ఉన్న నీళ్ళు అవే.

ఇంతలో ఆయన ఫోను మోగింది. అవతలి మాటలు మాకు వినిపించలేదు గానీ, బావ మాత్రం "అవునండీ, ఆ ప్యాంటుకు ఎర్రచారే", "లేదండీ, ఎగతాళి కాదండీ" అంటూ ఉత్త గోడకు వంగి వంగి దండాలు పెట్టాడు. ఫోను పెట్టేసేసరికి మీటింగు మధ్యాహ్నానికి మారింది.

"నా చొక్కా ఇవ్వు" అన్నాడు, ఈసారి మెల్లగా.

"ఇస్తాను. ముందు ఎవరెవరు ఏది పెట్టారో లెక్కపెట్టండి. కూడొద్దు, భాగించొద్దు."

ఒంటిమీద చొక్కా లేకుండా వీధిలోకి తెరిచున్న కొట్లో ఎంతసేపు కూర్చుంటాడు. కోటు తొడుక్కున్నాడు. కింద తువ్వాలు, పైన బంగారు కుచ్చులు, ముందు ల్యాప్‌టాప్. గణాంకశాస్త్రానికి పట్టిన గతిని ఇంతకంటే బాగా ఎవరూ బొమ్మ గీయలేరు. దారినపోయేవాళ్ళు ఆగి చూశారు. నేను అడ్డం నిలబడలేదు.

పదోతరగతి పిల్లలు బాహుళకం అని చదువుకునేది, ఏది ఎక్కువసార్లు వచ్చిందో చూసుకోవడం, మా బావ అంత ఉద్యోగం వెలగబెట్టాక ఆ పొద్దున మొదటిసారి చేశాడు.

"ఒకట్లే ఎక్కువున్నాయి" అన్నాడు కాసేపటికి. "తర్వాత అయిదులు. నాలుగులు కొన్ని."

"మూడు?" అంది అక్క.

ఆయన మళ్ళీ పైనుంచి కిందిదాకా చూశాడు. "ఒక్కరూ లేరు."

ఊళ్ళో ఒక్కరూ అడగని ఫిల్టర్లను ఇంటింటికీ బిగించబోయాడు ఈ మనిషి. ఫిల్టర్లన్న చోట కొట్టేసి, పైవీధికి పంపు అని రాశాడు. అంతటితో ల్యాప్‌టాప్ మూసేస్తాడనుకున్నాను. మూయలేదు. తెర మీద ఏదో చూస్తూ ఉండిపోయాడు.

"ఒకట్లన్నీ మన వీధివే" అన్నాడు. తర్వాత కాళ్ళ దగ్గరున్న ఖాళీ బకెట్టు వైపు చూశాడు. "మరి నా బకెట్టు రోజూ ఎవరు నింపుతున్నారు?"

నేను నోరు తెరవబోయాను. అక్క కళ్ళతోనే ఆపింది. బకెట్టు తీసి ఆయన చేతికిచ్చి, కింది వీధి వైపు చూపించింది.

ఎర్రకోటు మెరుస్తూ వాలు దిగి మలుపు తిరగడం ముగ్గురం చూశాం. తిరిగి రావడానికి చాలాసేపే పట్టింది. చేతులు మార్చుకుంటూ, నాలుగడుగులకోసారి ఆగుతూ వచ్చాడు. తువ్వాలు మోకాళ్ళదాకా తడిసిపోయింది. ఊపిరి అందక గుమ్మంలోనే బకెట్టు దించాడు.

అక్క తొంగిచూసింది. "సగమే ఉంది."

"దారిలో ఒలికింది" అన్నాడు.

"నేనెప్పుడూ ఒలకనివ్వలేదండీ" అంది అక్క, ఒకటో నంబరు చొక్కా తీసి ఆయన చేతిలో పెడుతూ.