గురువారం తూటాలు

సర... సర... సర...

అక్రోటు పొట్టులో ఇత్తడి గుల్లలు దొర్లుతున్నాయి.

గరాజు మూలన చిన్న మోటారు. దాని మీద బకెట్. బకెట్లో పేలిపోయిన తూటాల ఖాళీ గుల్లలు మూడు వందలు. రెండు గంటలు దొర్లితే మసి వదిలి పసుపుపచ్చగా తేలతాయి. ఆ చప్పుడు వింటూ కాఫీ తాగడం నాకు అలవాటు. బయట గాలి. లోపల సర... సర...

ఈ శనివారం కాఫీ సగంలోనే ఆగింది.

పొద్దున్నే ఉత్తరపు గాలి తిరిగింది. మే నెలాఖరులో కూడా మా తూర్పు మోంటానాలో చలి చెప్పాపెట్టకుండా వచ్చేస్తుంది. దూడల తొట్టిలో నీళ్ళు చూసొద్దామని తలుపు వెనక తగిలించిన కోటు వేసుకున్నాను. చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

కుడి జేబులో ఏదో తగిలింది.

టార్చి.

నా బల్ల మీద ఉండాల్సిన టార్చి. మీట వేసే ఉంది. వెలుగు లేదు. బ్యాటరీ అయిపోయేదాకా జేబులోనే వెలిగి వెలిగి ఆరిపోయింది.

ఎప్పటినుంచి?

ఈ కోటు నేను గురువారం తరవాత వేసుకోలేదు.

గురువారం నుంచి.

అక్కడే, తలుపు దగ్గరే, చెప్పుల బల్ల మీద కూలబడ్డాను.

పాత గుల్లతో తూటా చేసే పని చిన్నదే. ఓపిక పెద్దది. పేలిన గుల్లను ప్రెస్‌లో పెట్టి మళ్ళీ కొలతకు నొక్కాలి. అడుగున కందిపప్పు బద్దంత టోపీ కూర్చాలి. నిప్పు పుట్టించేది అదే. లోపల తుపాకీ మందు పోయాలి. పైన గుండు దించాలి. అంతే... తూటా.

కానీ గుండు దించకముందు ఒక పని ఉంది.

యాభై గుల్లలు చెక్క పలకలో, గుంటల్లో, నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉంటాయి. టార్చి వేసి ఒక్కొక్కదానిలోకీ తొంగిచూడాలి. మందు అన్నింట్లో ఒకే మట్టంలో ఉండాలి. మేం వాడే మందు కొంచెమే, గుల్లలో మూడో వంతు కూడా రాదు. పొరపాటున రెండుసార్లు పోసినా పైకి పొంగదు. చూస్తేనే తెలుస్తుంది.

చూడకపోతే తుపాకీ చెబుతుంది.

చేతిలోనే పేలి చెబుతుంది.

గురువారం... సగం గుల్లల్లో మందు పోశాను. అప్పటిదాకా పోసినవి చూద్దామని టార్చి వెలిగించాను. ఫోన్ మోగింది. పక్క పశువుల రాంచ్‌లో ఉండే ట్వైలా.

"ఆర్డిస్, నీ దూడలు హైవే మీద ఊరేగింపు తీస్తున్నాయే! తొమ్మిది లెక్కపెట్టాను! లారీలవాళ్ళు ఆగి మరీ ఫొటోలు తీసుకుంటున్నారు, పరిగెత్తు!"

పరిగెత్తాను. కోటు తగిలించుకుని, చేతిలో ఉన్నది జేబులో పడేసి, పరిగెత్తాను.

గంటన్నరకు తిరిగొచ్చాను. మోకాళ్ళదాకా బురద. బల్ల ముందు కూర్చున్నాను. ఎక్కడ ఆపానో అక్కడ మొదలుపెట్టాను.

ఎక్కడ ఆపాను?

ఇరవై ఏడో గుల్ల దగ్గరా... ఇరవై ఎనిమిదా... చేతికి గుర్తుంటుందనుకున్నాను. చేతికి ఏదీ గుర్తుండదు. అలవాటు ఉంటుంది, అంతే.

మిగతావి పోశాను. టార్చి వేసి చూశాననే అనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నదాన్ని, ఆ రోజు మాత్రం చూడకుండా ఉంటానా అనుకున్నాను. గుండ్లు దించాను. డబ్బాలో సర్దాను. డబ్బా మీద తేదీ రాశాను. మధ్యాహ్నం ఎల్డన్ ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చాను.

చూడలేదు. చూసే టార్చి జేబులో ఉంది.

ఎల్డన్ స్కోగెన్‌కు డెబ్భై తొమ్మిదేళ్ళు. ఈ పని నాకు నేర్పింది ఆయనే. నేను స్కూలు బస్సు నడిపే రోజుల్లో ఒక చలికాలమంతా తన షెడ్డులో కూర్చోబెట్టి నేర్పాడు. మొదటిరోజే రేడియో కట్టేశాడు. "ఇక్కడ పాటల్లేవు, కబుర్లు లేవు. ఫోన్ మోగితే మోగనీ. మధ్యలో లేస్తే మొదటినుంచీ చెయ్యాలి. తెలిసిందా అమ్మాయ్?"

తెలిసింది. ముప్పై ఏళ్ళు తెలిసే ఉంది.

ఈ మార్చిలో ఆయన వేళ్ళు మొరాయించాయి. కీళ్ళ జబ్బు. తుపాకీ పట్టుకోగలడు, కందిపప్పు బద్దంత టోపీ పట్టుకోలేడు. నేల మీద పడ్డ టోపీల కోసం మోకాళ్ళ మీద వెతుకుతుంటే చూశాను. "ఇక చాలు, ప్రెస్ అమ్మేస్తా. శనివారం గురి ఆటా మానేస్తా" అన్నాడు లేవకుండానే. కొట్లో కొన్న తూటాలంటే ఆయనకు చిన్నచూపు. వాటితో గెలిస్తే ఆ గెలుపు కొట్టువాడిదని అందరినీ ఏడిపించేవాడు.

"మానెయ్యడమెందుకు? నేను చేసిస్తాను" అన్నాను.

అనేశాక నాలుక కరుచుకున్నాను. మేం గురి కాల్చే రేంజిలో ఒకరు చేసిన తూటాలు ఇంకొకరు కాల్చరు. అన్నదమ్ములైనా సరే, మొగుడూ పెళ్ళాలైనా సరే. కాగితం మీద రాసిన నియమం కాదు. మాతో కాల్చే గార్త్ దాన్నే తన మాటల్లో చెబుతాడు: "ఇంకొకడి కట్టుడు పళ్ళు పెట్టుకుని మొక్కజొన్న కంకి కొరుకుతామా ఏంటి?"

ఎల్డన్ బల్ల పట్టుకుని లేచాడు.

"సరే, తీసుకురా" అన్నాడు.

ఆ ఒక్క మాటకు నేనెంత పొంగిపోయానో! అరవై ఏళ్ళకు దగ్గరపడ్డ ఆడదాన్ని, ఇంటికొస్తూ పికప్పు ట్రక్కులో ఒక్కదాన్నే పాటలు పాడుకున్నాను. ఎవరివీ కాల్చని మనిషి నావి కాలుస్తానన్నాడు.

అప్పటినుంచీ గురువారం గురువారం ఒక డబ్బా. ఒక కప్పు కాఫీ, ఒక ముక్క రూబార్బ్ కాడల తీపి రొట్టె. ఆయన మాట్లాడతాడు, నేను వింటాను. శనివారం ఆయన కాలుస్తాడు, గురికి పెట్టిన ఇనుప పలకలు మోగుతాయి.

ఈ రోజు శనివారం.

ఫోన్ చేశాను. మోగింది... మోగింది... ఎత్తలేదు. ఎనిమిదింటికే బయల్దేరి ఉంటాడు. రేంజి పాత కంకర గుంటలో ఉంది. అక్కడ ఫోన్లు పలకవు.

ఇరవై ఆరు మైళ్ళు. మట్టి రోడ్డు.

గాలి పికప్పును పక్కకు నెడుతోంది. రోడ్డుకు రెండు వైపులా సేజ్ పొదలు నేలకు వంగి లేస్తున్నాయి, వంగి లేస్తున్నాయి. కంచె మీద మెడోలార్క్ పిట్ట ఒకటి గాలికి ఎదురు నిలిచి కూస్తోంది. గరాజులో మోటారు ఆపలేదని గుర్తొచ్చింది. సర... సర... ఇప్పుడది నా తలలో తిరుగుతోంది.

బొటనవేలు పోయినవాడిని చూశాను. కన్ను పోయినవాడి గురించి విన్నాను. ఎల్డన్ తుపాకీని మొహానికి దగ్గరగా పట్టుకుంటాడు. చూపు తగ్గింది కదా... ఇంకా దగ్గరగా.

పక్క సీట్లో నా కోసం చేసుకున్న డబ్బా ఉంది. బయల్దేరేటప్పుడు ఎందుకు తీసుకున్నానో అప్పుడు ఒప్పుకోలేదు. పదో మైలు దగ్గర ఒప్పుకున్నాను.

మార్చేద్దామని.

ఆయన చూడకుండా ఆ డబ్బా తీసేసి ఈ డబ్బా పెడితే సరి. ఎవరికీ తెలియదు. ఎవరికీ ఏమీ కాదు. నిజం చెబితే మాత్రం ఎల్డన్ ఇంకెప్పుడూ నా తూటా ముట్టడు. ఇంకొకరిని అడగడు. అడిగినా ఎవరూ చెయ్యరు. ఆట మానేస్తాడు. వారం వారం ఆయన ఇల్లు కదిలేది ఈ శనివారం కోసమే.

చెప్పాలి... చెప్పకూడదు... మార్చాలి... ముందు చేరాలి.

చేరాను.

పికప్పు దిగుతుండగానే ఠంగ్‌మని పలక మోగింది. మళ్ళీ ఠంగ్. కాల్చే గీత దగ్గర నిలబడ్డది ఎల్డనే. పక్కన డబ్బా. దాని మీద నా చేతిరాత.

డబ్బా మార్చే వేళ దాటిపోయింది.

మా రేంజిలో ఎవరైనా, ఎప్పుడైనా, ఆపమని అరవొచ్చు. ఎందుకని అడక్కుండా అందరూ ఆగిపోతారు. కానీ ఆగాక అందరి ముందూ కారణం చెప్పాలి.

"ఆపండి! కాల్పులు ఆపండి!"

నా గొంతు నాకే కొత్తగా ఉంది.

అందరూ ఆగారు. ఈ రోజు గీత దగ్గర పెత్తనం ట్వైలాది. తుపాకులు ఖాళీ చేయించి, బల్లల మీద పెట్టించి ఇటు తిరిగింది.

"ఎవరది? ఆర్డిసా! ఏమయిందే, మళ్ళీ దూడలా?"

నవ్వులు.

నేను నవ్వలేదు. చెప్పాను. టార్చి, కోటు, ఫోను, దూడలు. ఎక్కడ ఆపానో తెలియకపోవడం. చూడకుండా గుండ్లు దించడం. ఎల్డన్ డబ్బా. పన్నెండు మంది ముందు చెప్పాను. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గార్త్ నోరు తెరిచాడు, కట్టుడు పళ్ళ మాటే అనబోయి ఉంటాడు. నా మొహం చూసి మూసేశాడు.

ఎల్డన్ తుపాకీలోంచి తీసిన వాటిని బల్ల మీదనుంచి వంకర వేళ్ళతో ఏరుకున్నాడు. నా దగ్గరకు నడిచొచ్చి నా అరచేతిలో పోశాడు. రెండు పేలినవి. మూడు పేలనివి.

నా గుండ్లకు ఎర్రటి పూత ఉంటుంది.

ఇవి బూడిదరంగు. గుల్లలు సరికొత్తవి, ఏ ప్రెస్‌లోనూ నలగనివి.

"ఇవి నావి కావు" అన్నాను.

"కావు."

"డబ్బా నాదే కదా?"

"డబ్బా నీదే." నా మోచెయ్యి పట్టుకుని పికప్పు పక్కకు నడిపించాడు. "తూటాలు కొట్లోవి."

"మరి గురువారం నేనిచ్చినవి?"

"షెడ్డులో ఉన్నాయి. అన్నీ ఉన్నాయి అమ్మాయ్. మార్చి నుంచి ఇచ్చినవన్నీ. పదకొండు డబ్బాలు. ఒక్కటి కూడా కాల్చలేదు."

ముందు ఆయన చెయ్యి చూశాను. ఐదు వేళ్ళూ ఉన్నాయి. దేవుడా, ఉన్నాయి. ఏడుపొచ్చింది. బానెట్ పట్టుకుని నిలబడ్డాను.

ఆ వెనకే కోపమొచ్చింది. ఏడుపు కంటే పెద్దదే వచ్చింది.

వారం వారం ఆయన తిరిగిచ్చే గుల్లలు కొత్తగా మెరుస్తుంటే, ఆ వేళ్ళతో ఎంత శ్రద్ధగా తుడిచిస్తున్నాడో అనుకున్నాను. పలకలు మోగితే నావే మోగుతున్నాయనుకున్నాను. ట్వైలాతో గొప్పలు కూడా పోయాను.

"నా పని మీద నమ్మకం లేదా మీకు?"

"నీ పని మంచిదే."

"మరి?"

"నేను చెయ్యనిది నేను కాల్చలేను. ప్రయత్నించాను, ఆర్డిస్. మొదటి వారం తుపాకీలో పెట్టాను కూడా. ట్రిగ్గర్ లాగడానికి వేలు రాలేదు." ఆగాడు. "యంత్రం చేసింది కాబట్టి కొట్లోవి ఎలాగో కాల్చేస్తున్నా. సిగ్గేస్తోంది, నిజమే. అందుకే నీ డబ్బాలో పోసుకొస్తున్నా."

"వద్దని నాతో అనొచ్చుగా! పదకొండు వారాలు నన్ను వెర్రిదాన్ని చేశారు. ఒక్కమాట అంటే పోయేదిగా!"

ఎల్డన్ టోపీ తీశాడు. లోపల ఏదో వెతుకుతున్నట్టు చూశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"అంటే, గురువారాలు దేనికొస్తావు?"

నా చెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది.

నా కోటు ఎడమ జేబు బరువుగా ఉంది. పికప్పు దిగేటప్పుడు నా డబ్బా అందులో వేసుకున్నాను. ఆయన చూడకుండా మార్చడానికి. నేను చెయ్యబోయిందీ అదే, ఆయన చేసిందీ అదే. అయినా నా కోపం తగ్గలేదు. కోపానికి న్యాయం తెలియాలా ఏం?

అటునుంచి గార్త్ కేకేశాడు. "ఏమండోయ్, అక్కడేమైనా పెళ్ళి మాటలా? వానొచ్చేస్తోంది, కానివ్వండి!"

"నోర్ముయ్ గార్త్" అంది ట్వైలా. తరవాత మెల్లగా, "ఎల్డన్, నువ్వు మళ్ళీ మొదటినుంచి కాల్చు. ఆ రెండూ లెక్క కాదు."

ఎల్డన్ రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"ఆ డబ్బాలు అలా వదిలెయ్యకూడదు. అన్నీ విప్పాలి. ఐదు వందల యాభై. గుండు ఊడగొట్టే సుత్తి నా చేతికి పట్టదు."

అంతే అన్నాడు. రమ్మని అనలేదు.

ఒక డబ్బాకే కదా అనుమానం, అన్నీ ఎందుకు... అనబోయాను. అనలేకపోయాను. మిగతా పది డబ్బాలప్పుడు టార్చి వేశానా? వేశాననే అనుకుంటున్నాను. ఈ గురువారం కూడా వేశాననే అనుకున్నాను.

ఆయన గీత దగ్గరకు వెళ్ళాడు. అందరూ కళ్ళద్దాలు పెట్టుకున్నారు, చెవులకు మూతలు తగిలించుకున్నారు. నేనూ తగిలించుకున్నాను. గాలి కంకర దుమ్ము లేపి మా మొహాల మీద కొడుతోంది.

కొట్లో కొన్న తూటాలు. యంత్రం చేసినవి. ఏమీ కాదని తెలుసు.

మొదటిది పేలింది. నా భుజాలు ఉలిక్కిపడ్డాయి. పలక మోగింది.

రెండోది. ఉలిక్కిపడ్డాను.

మూడు... నాలుగు...

ఐదోది పేలాక పలక మోగలేదు. గురి తప్పింది. ఎవరో అయ్యో అన్నారు. ఎల్డన్ పలకల వైపు చూడలేదు. తుపాకీ ఖాళీ చేసి, బల్ల మీద పెట్టి, చెవుల మీది మూతలు తీసి, జవాబు కోసం తిరిగి నా వైపు చూస్తూ నిలబడ్డాడు.

నేను నా చెవుల మూతలు ఇంకా తియ్యలేదు.