పదకొండు రోజుల చలి

ప్లాంటు పొగగొట్టంలోంచి బూడిద ఎంత పోతోందో కొలిచి రాయడం పార్థేనా ఉద్యోగం. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో బొగ్గు గని, దాన్ని ఆనుకునే ప్లాంటు. అక్కడ మండిన బొగ్గు కరెంటవుతుంది. మిగిలిన వేడి, గొట్టాల్లో వేణ్నీళ్లయి ఊళ్లో ప్రతి ఇంటికీ వస్తుంది. నడి చలికాలంలో కూడా జనం ఇంట్లో పొట్టి చేతుల చొక్కాలతో తిరుగుతారు. బయట ఆరేసిన దుప్పటి మాత్రం తెల్లగా లోపలికి రాదు.

జనవరి మొదటి వారంలో ఫిల్టరు పాడైంది. బూడిద ఉండాల్సినదానికి అయిదింతలు తేలింది. మేనేజరు స్టెర్యోస్ కాగితం చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"దీన్ని వారమయ్యాక రాద్దాం పార్థేనా. బయట మైనస్ పద్నాలుగు."

"ఇవాళ కొలిచింది ఇవాళే రాయాలి కదండీ."

"రాస్తే ప్లాంటు ఆపాలి. ఆపితే ఊరు గడ్డకట్టుకుపోతుంది. ఆ ఉసురు ఎవరికి తగులుతుందో చెప్పు?"

తొమ్మిదేళ్ల కిందట ఒకసారి ఆమె ఇలాగే సరేనంది. ఏమీ కాలేదు. ఆ చలికాలం దగ్గుతో ఆస్పత్రిలో చేరినవాళ్లలో ఎవరు ఆ వారం గాలి వల్ల చేరారో చెప్పగలిగినవాళ్లు లేరు. ఎవరికీ తెలియకపోవడమే ఆమెను ఇన్నేళ్లూ నమిలింది. ఈసారి అంకె ఉన్నదున్నట్టు వేసి సంతకం పెట్టింది. సాయంత్రానికల్లా ప్లాంటు ఆగింది.

మర్నాడు పార్థేనా వెళితే, రొట్టెల కొట్టు నడిపే కిరియాకి, వెనక అరల నిండా రొట్టెలు పెట్టుకుని, "అయిపోయాయి" అంది. ఆ రోజే పార్థేనా ఇంటికి ఆమె అన్న అనెస్తిస్ వచ్చాడు. గనిలో తవ్వే యంత్రం నడుపుతాడు. పని లేదిప్పుడు.

"ఆ ఒక్క రోజు నీ పెన్నులో సిరా గడ్డకట్టి ఉండకూడదా?"

"నీ గొంతులో ఆ గరగర ఎప్పట్నుంచి అన్నయ్యా?"

"సిగరెట్లది."

"మానేసి ఆరేళ్లయింది."

"అయితే వయసుది. గరగరే అంటావు గానీ, నా ముగ్గురు పిల్లల్నీ చదివించింది ఆ గనే."

నాలుగో రోజు గానీ పై అంతస్తు సిమేలా గుర్తుకు రాలేదు పార్థేనాకు. ఎనభై నాలుగేళ్ల మనిషి, ఒంటరి. వెళ్లి చూస్తే మూడు కోట్లు తొడుక్కుని మంచం మీద కూర్చుని ఉంది. కిందికి తెచ్చి, వంటగదిలో కరెంటు హీటరు పక్కన కూర్చోబెట్టింది. ఆ కరెంటు ఏ ఊరి బొగ్గుదో పార్థేనా ఆలోచించదలచుకోలేదు.

"నిన్ను తిడుతున్నారటగా అమ్మాయ్. తిట్టనీ, నువ్వు అబద్ధం రాయలేదు. కానీ నాకు చలేసింది. అదీ అబద్ధం కాదు."

ఆరో రోజు మంచు పడింది. మర్నాటికి కూడా కిటికీ గట్టు మీద తెల్లగానే ఉంది. "ఇలాంటి మంచు నా పెళ్లప్పుడు చూశాను" అని ముసలామె చాలాసేపు చూసింది. తొమ్మిదో రోజు ఊపిరాడక ఆస్పత్రికి వెళ్లింది. పదకొండో రోజు ఫిల్టరు బాగై, గొట్టాలు టకటకమంటూ వేడెక్కాయి. తన గదిలో గొట్టం మీద చెయ్యి వేసి, పార్థేనా చాలాసేపు తియ్యలేదు. మరో రెండు రోజులకు సిమేలా పోయింది.

ఆమె పోయిన నలభయ్యో రోజు చర్చి బయట, ఆమె పేరున పంచదార కలిపిన ఉడికించిన గోధుమల పొట్లాలు పంచారు. జనం పార్థేనాకు కాస్త ఎడంగా నిలబడ్డారు. సిమేలా కూతురు తనే వచ్చి పొట్లం చేతిలో పెట్టింది.

"మీ వంటగది వెచ్చగా ఉందని చెప్పింది అమ్మ. మీరు ఇంకా ముందే వచ్చి ఉంటే బాగుండేదని కూడా అంది."

"నిజమే" అంది పార్థేనా.

మెట్ల దగ్గర అనెస్తిస్ కలిశాడు. పక్కనే నడిచాడు.

"రేపు మళ్లీ ఎక్కువొస్తే రాస్తావా?"

"రాస్తాను. కానీ రాయకముందే పైకెళ్లి తలుపులు తడతాను, ఒక్కో ఇల్లూ."

"మొండిదానివి" అన్నాడు అనెస్తిస్. "ఒక కట్టెల పొయ్యి కొన్నాను. నీకూ ఒకటి చెప్పాను, శనివారం తెస్తారు. ఇంట్లో ఉండు."