ప్రధాన్-పతి భార్య

“నీ భూగోళం బీఏ ఇన్నాళ్లకి అక్కరకొచ్చిందే,” అంటూ జాహర్ సింగ్ కాగితాలు తెచ్చి పిండి పళ్లెం పక్కన పడేశాడు. ఊరి నేల, జనం, జీవనాధారాలు అన్నీ నింపి రేపు బ్లాకు ఆఫీసులో ఇవ్వాలట. శకున్ చేతులకంటిన గోధుమపిండి దులుపుకుని కలం పట్టింది.

ఊరికి ప్రధాన్, అంటే సర్పంచి, శకునే. ఆడవాళ్లకు కేటాయించిన స్థానం కాబట్టి ఓట్లు ఆమె పేరు మీద పడ్డాయి. గెలిచింది మాత్రం మొగుడు. మోటార్‌సైకిల్ ముందు ‘ప్రధాన్-పతి’ అని ఎర్రరంగుతో రాయించుకున్నాడు. ముద్ర ఆయన జేబులో ఉంటుంది. ఆమె సంతకం కూడా ఆయనే పెడతాడు, ఎంత నిలకడగా అంటే, ఒకసారి బ్యాంకులో ఆమె స్వయంగా చేసిన సంతకం చెల్లదన్నారు.

రాతినేల. శనగ, మినుము. హోలీ దాటితే సగంమంది మగవాళ్లు ఢిల్లీలో ఇటుకలు మోస్తుంటారు. ఇంతవరకూ సాఫీగా నడిచిన కలం తాగునీటి దగ్గర ఆగింది.

“మూడు చేతిపంపులూ పనిచేస్తున్నాయని రాయి.”

“రెండు ఎండిపోయాయి కదండీ.”

“బాగుచేయించానని పోయినేడే చెప్పాను. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“మూడూ ఉన్నాయంటే ఈ ఏడు కూడా ట్యాంకరు రాదు.”

“నడవండి. కాళ్లున్నాయిగా!”

మంచం మీంచి అత్తగారు అందుకుంది. “మేం మొయ్యలేదేమిటి? చదువుకున్న కోడలికి బిందె బరువైందా?”

బిందె బరువు శకున్‌కి కొత్త కాదు. పనిచేసే ఆ ఒక్క పంపు కొండ కింద ఉంది. పోనూ రానూ మూడు కిలోమీటర్లు, రోజుకు మూడుసార్లు. పదకొండేళ్ల కాపురాన్ని ఓ మధ్యాహ్నం ఏమీ తోచక లెక్కగట్టి చూసింది. మరో ఏడాది నడిస్తే భూమిని ఒక చుట్టు చుట్టినట్టే. కాలేజీలో పటం మీద వేలు పెట్టి ఎన్ని దేశాలు చూపించిందో! కాళ్లు చూసింది మాత్రం ఆ ఒక్క దారినే. అలసట కూడా ఇప్పుడు విడిగా తెలియడం లేదు, ఒంట్లో ఎముకలాగా అదీ ఉంటోంది.

‘పనిచేసేది ఒక్కటే’ అని రాసింది. కింద తన సంతకం తనే పెట్టింది.

తెల్లవారి, ఆయన లేవకముందే, ఖాళీ బిందె గడపలో బోర్లించి, కాగితాలు పట్టుకుని బ్లాకుకెళ్లే జీపెక్కింది.

ఆఫీసులో గుమాస్తా ఆమె భుజం మీదుగా వాకిలివైపు చూశాడు. “ప్రధాన్‌జీ ఏరమ్మా? రాలేదా?”

శకున్ ముసుగు వెనక్కి తోసింది.

“వచ్చింది.”