అత్తయ్య చెయ్యెత్తినప్పుడు

మళ్ళీ ఒకటి ఆగింది, ఇది నలభై మూడోదో నలభై నాలుగోదో, లెక్క తప్పితే వీడియో మొదట్నుంచీ చూడాలి, చూస్తేనేం, బాగుంటుంది, నల్లటి తెర మీద ఆకుపచ్చ చుక్కలు, ఒక్కోటీ ఒక తెల్ల రక్తకణం, నెత్తుటి వరదలో కొట్టుకొస్తూ లింఫు గ్రంథిలోని ఈ చిన్న నాళం చేరగానే గోడని తాకి, పట్టు దొరికీ దొరక్క దొర్లుతాయి, దొర్లి దొర్లి నెమ్మదిస్తాయి, గోడ మీది రసాయనం ఏదో సైగ చేస్తుంది, అది అందినవి టక్కున అతుక్కుని, ఒళ్ళు సన్నం చేసుకుని, సందు చూసుకుని గ్రంథిలోకి జారిపోతాయి, అందనివి ప్రవాహంతో పోతాయి, ఎన్ని ఆగాయో రాయడం ఈ ల్యాబులో నా ఉద్యోగం, మా ఆయనైతే మా ఆవిడకి పట్టపగలే చుక్కలు కనిపిస్తాయని అందరికీ చెప్పి నవ్వుతారు, నవ్వనీ, ఆయనకి ఈ వారం సంగతి ఏమీ తెలియదు, చెప్పొద్దంది అత్తయ్య, వాడు కంగారు మనిషి అంది.

పోయిన మంగళవారం, ఆయన అటు ఆఫీసుకి వెళ్ళగానే వంటింట్లోకి వచ్చి నిలబడింది, ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మేష్టారమ్మ, మాటల్ని కూడా కొలిచి వాడుతుంది, పదకొండేళ్ళలో మాకు పోట్లాట లేదు, కబుర్లూ లేవు, టీలో పంచదార చాల్లేదు, కిటికీ వెయ్యి, అంతే, అలాంటిది ఇలా రా అమ్మాయ్, ఒకటి చూడు అని ఎడమ చెయ్యెత్తింది, తడిచెయ్యి తుడుచుకుని ఆవిడ చంకలో వేలు పెట్టాను, గోళీకాయంత గడ్డ, నా వేళ్ళు చల్లగా ఉన్నాయేమో ఉలిక్కిపడింది, ఆవిడ ఒంటిని నేను తాకడం అదే మొదటిసారి అని ఆ క్షణంలో తోచింది, గడ్డ గురించి తర్వాత తోచింది.

తెలియనివాళ్ళు అదృష్టవంతులు, నాకు తెలుసు, చంకలో ఉండేదీ ఇలాంటి లింఫు గ్రంథే, దాని లోపలికి వెళ్ళిన కణాల్లో శత్రువుని గుర్తుపట్టినవి అక్కడే ఉండిపోయి పిల్లల్ని పెడతాయి, గ్రంథి వాస్తుంది, అది మంచి వాపు, శత్రువెవరూ లేకుండానే, ఆపేవాళ్ళూ లేకుండా పెరిగిపోయేది ఇంకో వాపు, వేలితో నొక్కితే ఏది ఏదో తెలియదు, ముక్క కోసి చూడాలన్నారు డాక్టర్లు, కోసేటప్పుడు అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది, ఆ ముక్క ఇప్పుడు మా భవనంలోనే, నా నెత్తి మీది అంతస్తులో, గాజుపలక మీద ఉంది, నలభై ఐదు, ఇది ఆగేలా ఉంది, లేదు, పోయింది, ఫోను.

పై అంతస్తు డాక్టరుగారు, మీ ఇంట్లో పిల్లి ఉందా అని అడుగుతున్నారు, లేదన్నాను, ఏం ప్రశ్న ఇది, లేదు గానీ అని ఆగాను, బాల్కనీలోకి ఒంటిచెవి పిల్లి వస్తుంది, పాలు పోయొద్దని నేనంటాను, పోయలేదని అత్తయ్య అంటుంది, గిన్నె మాత్రం తెల్లగా ఉంటుంది, ఆవిడ ఎడమచేతి మీద మూడు గీతలు, గులాబీ ముల్లు అంది, మా ఇంట్లో గులాబీ ఎక్కడుంది, డాక్టరుగారు నెమ్మదిగా చెబుతున్నారు, పిల్లి గీరితే ఒక్కోసారి గ్రంథి ఇలా వాస్తుందమ్మా, క్యాన్సరు కాదు, మందుతో తగ్గిపోతుంది, తెర మీద చుక్కలు అలికినట్టయ్యాయి, కళ్ళు తుడుచుకున్నాను.

ఇంటికి ఫోను చేశాను, ఏమీ లేదు అత్తయ్యా, పిల్లి గీరిందట, దాని తప్పేం లేదు, నేనే తోక తొక్కాను అంది, నవ్వొచ్చింది, ఆ నవ్వు ధైర్యంతో అడిగేశాను, ఆ రోజు నన్నే ఎందుకు పిలిచారు, ఈ కణాల సంగతి నాకు తెలుసనా, నువ్వు చేసే పని నాకెప్పుడర్థమైంది గనక, భయమేసి పిలిచాను, ఇంట్లో మనిషివి, నిన్ను కాక ఎవర్ని పిలుస్తాను, త్వరగా రా, అని పెట్టేసింది, ఫోను చేతిలో అలాగే ఉంది, వీడియో ఆపలేదు, ఎన్ని ఆగాయో ఎన్ని పోయాయో, ఇంట్లో మనిషివి అంది, సంజాయిషీలా కాదు, టీలో పంచదార గురించి చెప్పినంత మామూలుగా, అంటే ఆవిడ లెక్కలో ఎప్పటినుంచో అంతే, పదకొండేళ్ళుగా ఎవరో లోపలికి పిలవాలని ఎదురుచూస్తూ గుమ్మం దగ్గర నిలబడింది నేనొక్కదాన్నే.