తనిఖీ నాటి మంచం

నేను ఒక ఇనుప మంచాన్ని. తలవైపు నాలుగు ఊచలు, కాళ్లవైపు ఒక రేకు, కదిలితే కిర్రుమనే వంకర కాలు, ఇదే నా ఆస్తి. రాజాం పక్కన ఒక వెల్డింగు షాపులో పుట్టాను. నన్ను అతికించిన ఆసామికి పని కన్నా పక్క కొట్టువాడితో కబుర్లు ముఖ్యం. ఆ కబుర్ల ఫలితమే నా వంకర కాలు.

మొదట ఒక సర్కారు ఆస్పత్రిలో ఉన్నాను. నా మీద బిడ్డలు పుట్టారు, ముసలివాళ్లు పోయారు. ముందు ఏ డాక్టరును బతిమాలుకున్నారో, తగ్గాక ఆయన్నే తిట్టుకుంటూ ఇంటికి పోయినవాళ్లనూ చూశాను. మనుషులు అంతేలెండి. నేను కుంగిపోయాక వేలంలో అమ్మేశారు. ఓ చిన్న ఊరి శివార్లలో ఉన్న నర్సింగు కాలేజీవాళ్లు కొని, తుప్పు గీకకుండానే తెల్లరంగు కొట్టించారు. పైన పటారం, లోన లొటారం. నన్ను చూసే ఆ మాట పుట్టిందేమో!

నర్సింగు డిగ్రీ కాలేజీ అంటే పక్కనే ఆస్పత్రి ఉండాలట, మంచాల మీద రోగులు ఉండాలట. ఆస్పత్రి ఉంది. మధ్యాహ్నం దాటితే డాక్టరుండని చోటికి రోగులెందుకొస్తారు? అందుకని కాలేజీ గుర్తింపు కోసం తనిఖీవాళ్లు వచ్చే రోజున చైర్మన్‌గారి మనిషి జీడితోటల మేస్త్రీకి కబురు పెట్టేవాడు. కలుపుతీతకు పోయే ఆడవాళ్లు ఆ పూట ఇక్కడికొచ్చి, దుప్పట్లు కప్పుకుని మూలిగేవాళ్లు. రోజు కూలీ, బిర్యానీ పొట్లం. నిజం చెప్పొద్దూ, నాకూ సరదాగానే ఉండేది. ఏడాదంతా దుమ్ము మోసేవాడికి మనిషి బరువు తగిలితే ఎంత బాగుంటుందో మీకేం తెలుసు!

నాగరత్నం మేడం అని ఒక ట్యూటరు ఉండేది. వారం ముందు నుంచే పిల్లలకు మంచానికొక రోగం పంచి, ఏం చెప్పాలో వల్లె వేయించేది. "పేషెంటుని చూసి కంగారుపడకండమ్మా. నేను చెప్పింది చెప్పండి, అంతే" అనేది. చెడ్డ మనిషని అనుకోకండి. ఈసారి గుర్తింపు పోతే ఆఖరి సంవత్సరం పిల్లల డిగ్రీ బూడిదలో పోసిన పన్నీరవుతుందని ఆవిడ సరిగా తిండి కూడా తినలేదు.

నా దగ్గర నిలబడాల్సిన అమ్మాయి హైమావతి. నాకిచ్చిన రోగం జ్వరం.

తనిఖీ రోజు పొద్దున్న ఆటోలు దిగిన ఆడవాళ్లలో ఒకామె తిన్నగా వచ్చి నా మీద కూర్చుంది. హైమ తలెత్తి చూసి రాయైపోయింది.

"అమ్మా! నువ్వేటి ఇక్కడ?"

"ఊరుకోయే గుంటా, అరవకు" అంది పైడమ్మ నవ్వుతూ. "మేస్త్రీ పిలిస్తే వచ్చీసినాను. తెల్లబట్టల్లో నువ్వు పంజేస్తంటే సూడాలనుంది. ఇంకెప్పుడు సూత్తాను?"

హైమకు ముందు సిగ్గేసింది, తరవాత కోపం వచ్చింది, ఆ తరవాత అమ్మ కొప్పు సరిచేసి దుప్పటి కప్పింది. పైడమ్మ ఆ పిల్ల టోపీని, బూట్లను, జేబులోని పెన్నును ఒక్కొక్కటే చూసుకుంటూ పడుకుంది. ఆ కళ్లలోని మురిపెం నేను ఏ బాలింత కళ్లలోనూ చూడలేదు.

కాసేపటికి ఆమె ఒళ్లు మారింది. ఎడమ చేయి నా ఊచను పట్టుకుంది. పట్టు బిగిసింది, చెమటకు జారింది, మళ్లీ బిగిసింది. పక్క మంచాలవాళ్లు మూలుగుతున్నారు, ఈమె మూలగడం లేదు. మూలిగేది నటన, ఇది కాదు. నా మీద ఎందరో చచ్చారు, ఆ పట్టు నాకు తెలుసు. నాకు నోరేది?

"ఏటమ్మా, అలాగున్నావు?" అంది హైమ.

"గేసులే. పొద్దున్నేటీ తిన్లేదు కదా."

అంతలోనే తనిఖీవాళ్లు వచ్చేశారు. ఇద్దరు ఆడవాళ్లు, నర్సింగులోనే తలలు నెరిసినవాళ్లు. పెద్దావిడ నా దగ్గర ఆగి, "నాడి చూడమ్మా" అంది.

హైమ అమ్మ మణికట్టు పట్టుకుంది. చేయి చల్లగా, తడిగా ఉంది. నాడి దొరికి జారింది, మళ్లీ దొరికింది. ఆ పిల్ల వేళ్లు ఉలిక్కిపడటం నాకు తెలిసింది. నోరు తెరిచింది. వెనక నాగరత్నం మేడం గొంతు సవరించుకుంది. పైడమ్మ దుప్పటి కింద నుంచి కూతురి వేళ్లు నొక్కి కళ్లతోనే బతిమాలింది, చెప్పమన్నది చెప్పీ తల్లీ అని.

"జ్వరం పేషెంటు మేడం. నాడి మామూలుగా ఉంది" అంది హైమ.

"చెమట పడుతోందే?"

"జ్వరం దిగుతోంది మేడం" అంది నాగరత్నం.

పైడమ్మ అవునన్నట్టు తలూపింది. "ఓపికైన పిల్ల. పేషెంటు చేయి పట్టుకున్న తీరు బాగుంది" అని పెద్దావిడ మెచ్చుకుంది. కూతురిని పెద్దవాళ్లు మెచ్చుకోవడం ఆ తల్లి వినడం అదే మొదటిసారి. అంత నొప్పిలోనూ ముఖం వెలిగింది. నాకు గుండె లేదు గానీ, ఉంటే అక్కడే పగిలేది.

"ఇప్పుడే వచ్చీస్తానమ్మా" అని గుసగుసలాడింది హైమ. బాగా చెప్పిందని ఆ పిల్లనే పక్క వార్డుకూ లాక్కుపోయారు.

తనిఖీవాళ్లు ఎదుటి గదిలో భోజనాలకు కూర్చున్నారు. ఇక్కడ బిర్యానీ పొట్లాలు వచ్చాయి. రోగులందరూ దుప్పట్లు విసిరేసి లేచి కూర్చున్నారు. ఒక్క పైడమ్మే లేవలేదు. "ఓలప్పా, నటించింది సాల్లే, లేచి తిను" అని పక్కామె తట్టింది.

హైమ వచ్చి మణికట్టు పట్టుకుంది. అప్పటికి ఆ చేతిలో ఏమీ దొరకలేదు. "అమ్మా!" అని అరిచి ఛాతీ మీద రెండు చేతులూ వేసి అదమడం మొదలెట్టింది. చుట్టుపక్కల ఊళ్లన్నిటిలోకీ అనుభవమున్న నర్సులిద్దరూ ఎదుటి గదిలోనే ఉన్నారు. నాగరత్నం మేడం పరుగున తలుపు దాకా వెళ్లింది. చేయి గడియ మీద పడింది. ఒక్క క్షణం ఆగింది. తలుపు మూసి గడియ వేసింది. వెనక్కి పరిగెత్తుకొచ్చి ఏడుస్తూ తనూ అదిమింది. వాళ్లు అదిమినప్పుడల్లా నేనే కుంగాను. ఆ బలమంతా నా సడలిన పట్టీల్లోకే పోయింది, ఆమె గుండెకు చేరలేదు.

కాలేజీకి గుర్తింపు వచ్చింది. ఆస్పత్రి సౌకర్యాలు తృప్తికరమని రాశారట. హైమ డిగ్రీ కూడా అందుకుంది. చైర్మన్‌గారు కొత్త మంచాలు కొని మమ్మల్ని పెరట్లో పడేయించారు. రంగు పెచ్చులూడి నా తుప్పు బయటపడింది. ఇప్పుడే కాస్త నిజాయితీగా ఉన్నాను.

కాలేజీ వదిలి వెళ్లే రోజున హైమ పెట్టె పట్టుకుని పెరట్లోకి వచ్చింది. ఇన్ని పాత మంచాల్లో నన్నెలా పోల్చుకుందో! కాలు కదిపి కిర్రుమంటే అనుకుంటాను. ఎండాకులు తుడిచి నా మీద కూర్చుంది. వాళ్లమ్మ పట్టుకున్న ఊచ మీద మూడు వేళ్లు ఆనించి, రెండో చేతి గడియారం వైపు చూస్తూ ఉండిపోయింది.

ఇనుములో ఏం దొరుకుతుంది? అయినా నిండు నిమిషమూ చూసింది.

"నాడి లేదు మేడం" అంది, ఎవరూ లేని ఆ పెరట్లో, పెద్దగా.