నాన్న పేరు మీద సిగరెట్టు

ఖియెం సిగరెట్టు మానడం కై బే రేవులో ఎవరికీ కొత్త వార్త కాదు. ఇది ఏడోసారి. మొదటిసారి మానినప్పుడు భార్య లియూ సంబరపడి ఇరుగుపొరుగును పిలిచి భోజనాలు పెట్టింది. ఆరోసారి మానినప్పుడు "మంచిది, ఎన్నాళ్లకి?" అని మాత్రం అడిగింది. ఈసారి అదీ అడగలేదు, తలెత్తకుండా చేపలు తోముకుంటూ కూర్చుంది. ఖియెంకు అన్నిటికన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

అతనిది నీళ్లలో మునిగే పని. నదిలో పడవ మునిగినా, ఇంజను జారిపోయినా, కొత్త పెళ్లికూతురి ఉంగరం నీళ్లపాలైనా ముందు అతనికే కబురు వచ్చేది. గాలిగొట్టం లేకుండా ఊపిరి బిగబట్టి మూడు నిమిషాలు అడుగున ఉండే మొనగాడు ఒకప్పుడు. పోయిన నెల ఒక చెరకు పడవ ఇంజను ఫ్యాను రెక్క ఊడి నదిలో పడితే దానికోసం దిగి, సగం దారిలోనే ఊపిరి చాలక నీళ్లు తాగేశాడు. పడవ మీదున్న ఇద్దరు జుట్టు పట్టుకుని పైకి లాగారు. ఆ సాయంత్రం దగ్గుతూ కూర్చుని లెక్క వేసుకున్నాడు. నాన్న ఇదే దగ్గుతో అరవై ఒకటో ఏట పోయాడు. తనకిప్పుడు యాభై ఎనిమిది. ఖియెంకు చావంటే భయం వేసింది. ఆ మాట తనలో తాను ఒప్పుకోవడానికి సిగ్గుపడలేదు. అతనికి బతకాలనుంది, అంతే.

మర్నాడు పొద్దున్నే న్యాన్ ఇంటికి వెళ్లాడు. ఆమె ఎప్పుడో సైగాన్‌లో ఉన్నప్పుడు మొహం మీద నొక్కి చేసే వైద్యం నేర్చుకుని వచ్చింది. వసారాలో రెండు పీటలు, గోడకు అంకెలన్నీ వేసిన మొహం బొమ్మ, చేతిలో గేదె కొమ్ముతో చేసిన మొద్దు మొన పుల్ల. ఆమె వైద్యశాల మొత్తం అదే. నోరు మాత్రం పుల్లకన్నా వాడి.

"ఇక్కడ?" అంటూ చెంప మీద నొక్కింది.

"ఊహూ."

"ఇక్కడ?" అని ముక్కు కింద నొక్కింది.

"అమ్మో! చంపేశావక్కా!"

"దొరికాడు దొంగ," అంది న్యాన్ తృప్తిగా. నొప్పి ఎక్కడ ఎక్కువో అదే అసలు చోటు. ఆ చోటునే పట్టుకుని ఆమె ముప్పై లెక్కపెట్టేదాకా వదల్లేదు. ఖియెం కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇది నొక్కితే మానేస్తానా అక్కా?"

"నువ్వు మానితే మానతావు తమ్ముడూ. నా పుల్ల నీ బదులు మానదు. తాగాలనిపించిందనుకో, ఆ పిచ్చి ఎంతసేపుంటుంది? అన్నం వార్చినంతసేపు. ఆ కాసేపూ నీ చేతికి పనుండాలి, నీ మొహానికి నొప్పుండాలి. ఈలోగా అది దాటిపోతుంది."

"అంటే ఇది మందు కాదా?"

"మందో మాకో నాకు తెలీదు. నా దగ్గరికొచ్చి మానినోళ్లున్నారు. లేచెళ్లి నా గుమ్మంలోనే వెలిగించినోళ్లూ ఉన్నారు. నువ్వెవరివో నీ ఇష్టం."

ఒళ్లు నొప్పులకు అంటించుకునే మందు పట్టీని గోరంత ముక్కలుగా కత్తిరించి ముక్కు కింద, గడ్డం మీద, కనుబొమల మధ్య, చెవుల పక్కన మొత్తం ఏడు అంటించి పంపింది. పట్టీలు రోజూ మార్చుకోవాలి, కోరిక పుట్టినప్పుడల్లా వాటిమీదే నొక్కుకోవాలి.

ఆ మొహంతో ఖియెం రేవులోకి వచ్చాడు. గుమ్మడికాయల పడవ మీదున్న ఆడవాళ్లు అతన్ని చూసి తెడ్లు ఆపేశారు.

"ఏం ఖియెం, మొహం చిరిగిందా? మీ ఆవిడ మాసికలు వేసిందే!"

"చిరగలేదే తల్లీ, పాతబడింది. ఇంకో పాతికేళ్లు వస్తుందని వేయించుకున్నా," అన్నాడు ఖియెం. అందరూ విరగబడి నవ్వారు, అతనూ నవ్వాడు. నవ్వుతూనే గడ్డం మీది పట్టీని గట్టిగా నొక్కుకున్నాడు, ఎందుకంటే ఆ పడవ మీదే వెనక కూర్చున్న మగాడు ఒకడు సరిగ్గా అప్పుడే సిగరెట్టుకు అగ్గిపుల్ల గీశాడు.

ఆ రోజులు ఎలా గడిచాయో అతనికే తెలుసు. కాఫీ తాగితే సిగరెట్టు గుర్తొచ్చేది, కాఫీ మానేస్తే కాఫీ, సిగరెట్టు రెండూ గుర్తొచ్చేవి. లియూ మీద అయిన దానికీ కాని దానికీ విరుచుకుపడ్డాడు, మళ్లీ వెనకే వెళ్లి బతిమాలుకున్నాడు. ముక్కు కింద తోలు ఊడి పుండు పడింది. కానీ వెలిగించలేదు. పదిహేనో రోజున లియూ అడక్కుండానే పట్టీలు కత్తిరించి కంచం పక్కన పెట్టింది. ఏడుసార్లు మానిన మనిషికి పెళ్లాం నమ్మకం దొరకడం చిన్న విషయం కాదు. ఖియెం అన్నం ముద్ద కంచంలో వదిలేసి, వాటిలో ఒకటి తీసి ముక్కు కింద అంటించుకున్నాడు.

"సంబరపడకు," అంది లియూ. "ఇరవై రెండో రోజున మావయ్య తద్దినం. అప్పుడు చూద్దాం."

అదీ అసలు గండం. వాళ్లింట్లో తద్దినం నాడు పోయిన పెద్దల పటం ముందుండే నైవేద్యపు బల్ల మీద పంది మాంసం, గుడ్ల పులుసు, కాకరకాయ చారు, బియ్యపు సారా పెట్టాక, పోయినాయన మెచ్చిన సిగరెట్టు కూడా పెట్టాలి. ఊరికే పెడితే కుదరదు. పెద్దకొడుకు నోట పెట్టుకుని దమ్ము లాగి, కొస ఎర్రబడ్డాక అగరొత్తుల గిన్నెలోని బూడిదలో నిలబెట్టాలి. చివరిదాకా కాలితే నాన్న తృప్తిగా తాగినట్టు, మధ్యలో ఆరితే అలిగినట్టు. ఆ ఒక్క దమ్ముతోనే అంతకుముందు మూడుసార్లు ఖియెంకు సిగరెట్టు మళ్లీ అంటుకుంది.

ఈసారి ముందే ఉపాయం ఆలోచించాడు. పడవ ఇంజనుకు డీజిలు ఎక్కించే రబ్బరు బుడ్డి ఒకటి కడిగి ఆరబెట్టాడు. దాన్ని నొక్కి వదిలితే చాలు, అదే పీల్చుకుంటుంది. తన నోటితో పని లేదు.

తద్దినం నాడు మధ్యాహ్నానికి ఇంటినిండా చుట్టాలు చేరారు. చిన్నాన్న థాన్ ముందు వరసలో కూర్చున్నాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, ఇంటికి పెద్దదిక్కు, వేళ్లు పసుపు పట్టేదాకా సిగరెట్లు తాగుతాడు. ఖియెం దండం పెట్టి, రబ్బరు బుడ్డికి సిగరెట్టు తగిలించగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"ఏంట్రా అది?"

"వెలిగిస్తున్నా చిన్నాన్నా."

"డీజిలు గొట్టంతోనా? మా అన్న మనిషనుకున్నావా, మోటారనుకున్నావా?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. థాన్ బుడ్డి లాక్కుని పక్కన పడేసి, సిగరెట్టు ఖియెం చేతిలో పెట్టాడు. "నోటితో వెలిగించు. ఒక్క దమ్ము. నీ కోసం కాదురా, మీ నాన్న కోసం."

"ఆ ఒక్క దమ్మే నన్ను ముంచుతోంది చిన్నాన్నా. వెలిగించను."

"అయితే నాన్నని ఉత్తినే పంపిస్తావా? ఇన్నేళ్లూ లేంది ఇవాళ? మొహం నిండా కాగితాలంటించుకుని నువ్వు ధర్మాలు చెప్తున్నావా నాకు?"

లియూ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. సిగరెట్టు వాసన ఖియెం ముక్కుకు తగిలింది, వెలిగించని పొగాకు తియ్యటి వాసన. నోట్లో నీళ్లూరాయి. చెయ్యి తనంతట తానే పెదాల దాకా లేచింది. ఒక్కటే కదా, నాన్న కోసమే కదా అని లోపలినుంచి ఎవరో అన్నట్టయింది. ఆ గొంతు అతనికి బాగా తెలుసు, ఆరుసార్లు అదే గొంతు మాట విన్నాడు. రెండో చేత్తో ముక్కు కింద పుండు మీదే బొటనవేలు పెట్టి నొక్కాడు. కళ్లు బైర్లు కమ్మాయి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ముప్పై దాకా అలాగే నిలబడ్డాడు, చుట్టాలందరి ముందూ.

"వెలిగించను," అన్నాడు మళ్లీ. "నాన్న అలిగితే అలగనీ. ఆయన కాళ్లు నేను పట్టుకుంటాను."

"నువ్వూ ఒక కొడుకువేనా!" అన్నాడు థాన్.

"వాణ్ణేమీ అనకయ్యా," అంది ఖియెం తల్లి.

ఆమె వంటింటి గడప మీద కూర్చుని ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, తద్దినాలలో ఎప్పుడూ నోరు విప్పదు.

"మీ అన్న మానేశాడయ్యా సిగరెట్లు."

"వదినా, నీకు మతి పోయిందా? అన్న పోయిన రోజున జేబులోంచి పెట్టె తీసింది నేనే."

"తీశావు. అందులో ఎన్నున్నాయి?"

థాన్ మెల్లిగా అన్నాడు. "నిండుగా ఉంది."

"ఒక్కటి కూడా తగ్గలేదు కదా. మీరందరూ చూస్తారని జేబులో పెట్టుకు తిరిగేవాడు. మధ్యలో తప్పితే నవ్వుతారని సిగ్గు. వంద రోజులయ్యాక తనే చెప్తానన్నాడు, అందాకా ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. నలభై ఒక్క రోజులు ఉన్నాడయ్యా. మంచం పట్టి దగ్గుతూ కూడా తాగలేదు."

"మరెందుకు చెప్పలేదమ్మా ఇన్నేళ్లూ?" అన్నాడు ఖియెం.

"మొదటి తద్దినానికి మీ చిన్నాన్న ఏడ్చుకుంటూ సిగరెట్టు తెచ్చాడు. నువ్వు ఏడ్చుకుంటూ వెలిగించావు. నాకు నోరు రాలేదురా. ఆ తర్వాత చెప్పడం ఏటేటా ఇంకా కష్టమైపోయింది."

ఇది పద్దెనిమిదో తద్దినం. అంటే పదిహేడుసార్లు. సిగరెట్టు మాని, మానిన మనిషిగానే చచ్చిపోయిన నాన్న నోట్లో పదిహేడుసార్లు తన చేత్తోనే సిగరెట్టు పెట్టాడు ఖియెం. ప్రేమతోనే పెట్టాడు. అతనికి సిగ్గేసింది. సిగరెట్టు బల్ల కింద పడేసి, నేల మీద మోకాళ్లూని మూడుసార్లు తల ఆనించాడు. "తప్పయిపోయింది నాన్నా," అన్నాడు పైకే. వెనకాల థాన్ కుర్చీలో కూలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

తల్లి గడప దిగి వచ్చి ఖియెం పక్కన చతికిలబడింది. అతని మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని, ముక్కు కింద నెత్తురు తన భుజం మీది తువ్వాలుతో తుడిచింది.

"నీకిది ఎన్నో రోజురా?"

"ఇరవై రెండు."

"ఇప్పుడు తాగాలనుందా?"

"ఉందమ్మా. చచ్చేంత ఉంది."

"ఆయనకీ ఉండేది. రోజూ పొద్దున్నే లేచి ఇవాళ ఎన్నో రోజు అని నన్నే అడిగేవాడు." ఆమె తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకుని మళ్లీ అంది. "నలభై రెండో రోజు పొద్దున నేనే ముందు లేచి, ఇవాళ ఎన్నో రోజో చెప్దామని వెళ్లి లేపాను. లేవలేదు. ఆ నలభై రెండో రోజు ఎలా ఉంటుందో నువ్వు చూసి, నాకొచ్చి చెప్పరా."