వేర్లు లేని కానుగలు

సాలెవాడలో నీడ లేదు. వీధి పొడవునా పడుగు చాపి గంజి పెడుతుంటే నూలు ఎండకు పెళుసెక్కి తెగేది. పక్కనే బొంత మీద పడుకోబెట్టిన సుభద్రమ్మ కొడుకు ఒళ్లంతా చెమటకాయలు. అందుకే ఆడవాళ్లంతా సంఘం కట్టి, వీధి వెంట కానుగ మొక్కలు కావాలని తాలూకా ఆఫీసులో అడిగి వచ్చారు.

వనమహోత్సవం నాడు అధికారి జీపులో వచ్చి, మెడ నిండా దండలు వేయించుకుని, ఫోటో దిగి, మొక్కలు పాతించి వెళ్లాడు. వాన మాత్రం రాలేదు. సుభద్రమ్మ పిల్లవాడి స్నానపు నీళ్లు తగ్గించి మరీ మొక్కలకు పోసింది. బలమని పడుగుకు పెట్టగా మిగిలిన గంజి కూడా పోసింది. అయినా ఆకులన్నీ మాడిపోయాయి.

"పులిసిన గంజి పోసి నువ్వే సంపినవ్ గదనే," అంది అత్త నర్సింగమ్మ.

సుభద్రమ్మ వంగి ఒక మొక్కను పట్టి లాగింది. ఇట్టే ఊడి వచ్చింది. వేరన్నదే లేదు. గొడ్డలితో నరికిన కొమ్మ, నరికిన మొదలు దగ్గర గంజి జిగట. రెండోదీ అంతే. పులిసిన గంజి కంపు ఆమె చేతులకు అంటుకుంది.

"సూడు అత్తమ్మ, కొమ్మలు నరికి గుచ్చిపోయిండ్రు. నా కొడుకు నీళ్లు తీసి గీ కట్టెలకు పోసిన."

నర్సింగమ్మ పక్కకు ఉమ్మింది. "మల్లొస్తడట గా సాబు, ఎంత పెరిగినయో సూస్తానికి."

"రానియ్. ఈసారి దండ గీ కట్టెలతోనే కడత."

బూడిదతో ఎంత తోమినా చేతుల కంపు పోలేదు. ఆ చేతులతోనే పిల్లవాణ్ణి చంకనేసుకుని, వీధిలో తానే నాటేందుకు కానుగ కాయలు ఏరుకోవాలని వాగు గట్టుకు బయలుదేరింది.